మొక్కల డాక్టరమ్మ: కాడ రాలిందని కుండీ పారేయకండి

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మొక్క గురించి వచ్చాయి. టెరోకాక్టస్. అర్జెంటీనాలో పుట్టిన చిన్న కాక్టస్. పైన పెన్సిలంత కాడలు, కింద మట్టిలో దుంప. రెండేళ్ల క్రితం దాకా ఈ పేరు విన్నవాళ్లు మన దగ్గర వేళ్ల మీద ఉండేవాళ్లు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కాబట్టి డాబాల మీదికి చేరింది, డాబాల మీద నుంచి నా టేబుల్ మీదికి. అందుకే గులాబీలకు చీడ, మల్లెకు మొగ్గ రాలడం వచ్చే నెలకు వాయిదా వేశాను. గులాబీ వాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నవంబరులో టెరోకాక్టస్ ట్యూబరోసస్ అనే మొక్కను కొరియర్‌లో తెప్పించాను. గోధుమ రంగు కాడలు నాలుగు ఉండేవి. సంక్రాంతి నాటికి అవి ముడుచుకుపోయి, ఒక్కొక్కటే విరిగి పడిపోయాయి. నీళ్లు చాలడం లేదేమోనని రోజూ ఒక గ్లాసు పోస్తున్నాను. ఇప్పుడు కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు. ఎనిమిది వందలు పెట్టి కొన్నానని ఇంట్లో రోజూ దెప్పుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పారేయమంటారా? (అనంతపురం)

జవాబు: ముందు ఆ గ్లాసు పక్కన పెట్టండి. ఆ మొక్కకు హాని ఎక్కడి నుంచైనా వస్తే ఆ గ్లాసు నుంచే వస్తుంది.

మీరు కొన్నది కాడల్ని కాదు, దుంపని. కాడలు చలికాలంలో ఎండి రాలిపోవడం ఈ మొక్కకు మామూలే. పెరట్లో కంద వేసినవాళ్లకు ఇది కొత్త కాదు. కంద ఆకు పండి కూలిపోయాక దుంప మట్టిలోనే పడుకుని మళ్లీ వానలకు లేస్తుంది కదా, ఇదీ అదే తంతు. తేడా అల్లా కంద మొలకెత్తేది వానకు, ఇది కాడ తీసేది చలి విరిగి వెచ్చబడ్డాక. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, మొక్క నిశ్చింతగా పడుకుని ఉంటే కంగారంతా మీదే అయింది.

అయితే రోజూ గ్లాసు చొప్పున పోశానన్నారు కాబట్టి ఒకసారి చూసుకోవడం మంచిది. దుంపను పీకొద్దు. పాత పెయింటు బ్రష్షు ఒకటి తీసుకుని, కాడలు వచ్చిన చోట మట్టిని మెల్లగా పక్కకు ఊడ్చండి. దుంప భుజం కనబడగానే ఆపి, బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే, కొంచెం ముడతలు పడి ఉన్నా సరే, బతికే ఉంది. మట్టి కప్పేసి, కుండీని వాన, మంచు పడని చోట పెట్టి మర్చిపోండి. మహాశివరాత్రి దాటి పగళ్లు వేడెక్కాక అరగ్లాసు నీళ్లు పోయండి. భుజం మీద ఆవగింజంత ఊదారంగు బుడిపె కనబడితే అదే కొత్త కాడ. అప్పటి నుంచి మట్టి అడుగు దాకా ఆరాకే మళ్లీ నీళ్లు.

నొక్కితే వేలు లోపలికి దిగి, గోధుమ రంగు నీరు కారి, వాసన వస్తే కుళ్లు పట్టినట్టు. అప్పుడు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. దుంపను బయటికి తీసి, కాల్చి చల్లార్చిన చాకుతో తెల్లటి శుభ్రమైన కండ కనబడే దాకా కోసేయండి. కోతకు గంధకం పొడి అద్ది, నీడలో పది రోజులు ఆరనిచ్చి, పొడి ఇసుకలో పెట్టండి. వేళ్లు పట్టే దాకా చుక్క నీరు వద్దు.

రాలిన కాడముక్కల్ని చెత్తబుట్టలో వేసేశారా? వేయకపోతే వాటిలో పూర్తిగా ఎండని ముక్కల్ని ఇసుక మీద అడ్డంగా పరచండి. వాటికీ వేళ్లొస్తాయి. అర్జెంటీనాలోనూ ఇది ఇలాగే, రాలిన ముక్క పడినచోటే పాతుకుంటుంది. కొన్నేళ్లకు ఆ వేళ్లలో ఒకటి ఊరి దుంప అవుతుంది. మీ ఎనిమిది వందలకు వడ్డీ కూడా వచ్చినట్టే, ఇంట్లో ఆ మాట చెప్పండి.

ఇక కుండీ. కొరియర్‌లో వచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీలోనే ఉంచారనుకుంటా. దుంప పిడికిలంత అవుతుంది, దాని కింద వేరుకూ చోటు కావాలి. కాబట్టి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న మట్టి కుండీ తీసుకోండి. అందులో సగం ముతక ఏటి ఇసుక, ఇసుకలో సగమంత ఇటుక ముక్కలు, మిగిలింది బేబీ చిప్స్ అనే చిన్న కంకర, ఓ గుప్పెడు మాగిన కంపోస్టు. కోకోపీట్ మాత్రం వద్దు. నర్సరీవాళ్లకు కొబ్బరి పొట్టు తేలిక, చవక, అందుకని అన్నిటికీ అదే వాడతారు. అది పైన ఆరినట్టు కనిపిస్తూ లోపల తడి పట్టుకుని ఉంటుంది. దుంప మొక్కలకు అంతకంటే మోసం లేదు.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ బోటనీ విద్యార్థిని. కాక్టస్‌లు కాండంలోనే నీళ్లు దాచుకుంటాయని చదువుకున్నాం. మరి దీనికి దుంప ఎందుకు? కాండం, దుంప రెండూ దండగ కాదా? (కర్నూలు)

జవాబు: మంచి ప్రశ్న. క్లాసులో నన్నెవరూ ఇది అడగలేదు.

మీరు బొమ్మల్లో చూసే పెద్ద కాక్టస్‌లు ఉండే ఎడారి వేరు, దీని ఊరు వేరు. టెరోకాక్టస్ జాతులు పది లోపే. అన్నీ అర్జెంటీనాలోనే, ఆండీస్ కొండలకు తూర్పున ఉంటాయి. శాన్ హువాన్, మెండోసా రాష్ట్రాల పొడి పొదల నేలల్లో కొన్ని, దక్షిణాన పటగోనియాలో చుబుట్, సాంతా క్రూజ్ దాకా కొన్ని. ప్రపంచంలో అన్నిటికంటే దక్షిణాన పెరిగే కాక్టస్‌లలో టెరోకాక్టస్ ఆస్ట్రాలిస్ ఒకటి. పసిఫిక్ నుంచి వచ్చే మబ్బులు ఆండీస్‌కు అవతల చిలీ వైపే కురిసేస్తాయి. ఇవతలికి వచ్చేది పొడిగాలి మాత్రమే. ఆ గాలి ఊరికే వీచేది కాదు, మనిషిని నిలబడనివ్వదు. చలికాలంలో నేల గడ్డకడుతుంది. గ్వానాకోలనే ఒంటె జాతి జంతువులు దొరికిందల్లా మేస్తాయి.

అలాంటి చోట నీళ్ల ట్యాంకును నేల పైన కట్టుకుంటే ఏమవుతుంది? గాలికి ఆరుతుంది, చలికి గడ్డకట్టి పగులుతుంది, జంతువు నోట పడుతుంది. కింద పెట్టుకుంటే ఈ మూడింటి బెడదా తక్కువ. పైన కాడలు చవకగా, పోయినా నష్టం లేనట్టుగా ఉంటాయి. ట్యూబరోసస్‌లో అయితే సుమారు సెంటీమీటరు మందమే, గోధుమ, ఊదా రంగుల్లో గులకరాళ్ల మధ్య కలిసిపోతాయి. కాండం దండగ కాదు, దాని పని తిండి వండడం, దుంప పని దాచడం.

పువ్వు దగ్గర ఇంకో వింత ఉంది, పరీక్షలో రాయదగ్గది. నాగజెముడులో పువ్వు మట్ట అంచున వస్తుంది కదా. దీంట్లో సరిగ్గా కాడ చివర వస్తుంది. అండాశయం ఆ కాడ కొసలోనే మునిగి ఉంటుంది. అంటే ఏ కాడ పూసిందో ఆ కాడ ఎదుగుదల అక్కడితో సరి. మళ్లీ పెరగాలంటే పక్క నుంచి కొమ్మ రావాల్సిందే. ట్యూబరోసస్ పువ్వు పసుపు, ఒక్కోసారి రాగి ఛాయ. రేకులు పట్టులా మెరుస్తాయి. ఎండ బాగా పడితే గానీ విప్పారదు.

కాయ కూడా నాగజెముడు పండులా ఎర్రగా, రసంగా ఉండదు. ఎండిపోయి, మూతలా పై భాగం ఊడుతుంది. లోపల గింజలు చపాతీ ముక్కల్లా పల్చగా, చుట్టూ కాగితంలాంటి రెక్కతో ఉంటాయి. కాక్టస్‌లలో గింజను పక్షులో చీమలో మోయడమే ఎక్కువ. దీనికి ఆ అవసరం లేదు, అంత గాలి ఊరికే దొరుకుతుంటే. మీ ప్రొఫెసర్ గారు అడిగితే, ఆ రెక్క గింజ తొక్కలోంచి వచ్చింది కాదనీ, ఈ ఉపకుటుంబంలో గింజను చుట్టి ఉండే గట్టి కవచం వెడల్పై రెక్కగా మారిందనీ చెప్పండి. నాగజెముడు గింజకూ ఆ కవచం ఉంటుంది, రెక్క మాత్రం ఉండదు. రెండూ ఒకే ఉపకుటుంబం.

ప్రశ్న: ఈ మొక్కకు ముళ్లు లేవని చేత్తో పట్టుకుని కుండీ మార్చాను. రెండు రోజులుగా వేళ్లన్నీ చిమచిమ. ఏమీ కనబడటం లేదు. ఏమిటిది? (హైదరాబాద్)

జవాబు: ముళ్లు లేవని ఎవరు చెప్పారు? ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. కాడ మీద చుక్కలు చుక్కలుగా ఉన్నాయే, ప్రతి చుక్కలో ముళ్ల నూగు కుచ్చులా ఉంటుంది. ఒక్కో ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి కాబట్టి దిగడం తేలిక, రావడం కష్టం. చిన్నప్పుడు పొలం గట్టున నాగజెముడు పండ్లు తిన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. పండును నేల మీద వేసి చెప్పుతోనో ఆకుల గుత్తితోనో దొర్లించి దొర్లించి నూగు పోయాకే నోట్లో పెట్టుకునేవాళ్లం. అయినా నాలుక మీద ఒకటి రెండు మిగిలేవి, నోరు ఎర్రబడి ఇంట్లో దొరికిపోయేవాళ్లం.

రుద్దకండి, రుద్దితే విరిగి లోపలే ఉండిపోతాయి. పట్టకారుతో కనిపించినవి తీసేసి, మిగిలిన చోట ఫెవికాల్ పల్చగా రాసి, దాని మీద గాజు గుడ్డ (గాయానికి కట్టే పల్చటి బట్ట) పరిచి, పూర్తిగా ఆరాక ఒక్కసారిగా లాగండి. చాలావరకు వచ్చేస్తాయి. వాపు, చీము కనిపిస్తే మాత్రం నన్ను కాదు, అసలు డాక్టరును అడగండి. ఇకముందు ఆ మొక్కను మడిచిన పేపరుతో పట్టుకోండి. రబ్బరు గ్లోవ్స్ పనికిరావు, నూగు వాటిలో దిగి మర్నాడు మళ్లీ మీకే గుచ్చుకుంటుంది.

అన్నట్టు నాగజెముడు కూడా మన దేశపు మొక్క కాదు, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ఎర్ర రంగునిచ్చే కొచినీల్ పురుగును పెంచుదామని 1795లో బ్రెజిల్ నుంచి పురుగును తెప్పిస్తే, వచ్చింది వేరే జాతి పురుగు. రంగుకు కొరగాలేదు గానీ ఒక రకం నాగజెముడును మాత్రం నమిలేసింది. పొలాలకు అడ్డంపడ్డ ఇంకో రకం కోసం 1926లో మరో జాతి పురుగును సిలోన్ నుంచి తెచ్చి వదిలారు. మన గట్ల మీద ఇప్పటికీ మట్టలపై తెల్లటి దూదిలా కనిపించేది ఆ పురుగు సంతానమే. మీ టెరోకాక్టస్ కుండీ దగ్గర్లో అలాంటి నాగజెముడు ఉంటే దూరం జరపండి, చుట్టమే కదా అని పురుగు ఇటూ రాగలదు.

ప్రశ్న: కడియంలో కొన్న మా మొక్కకు కాడలు బాగానే ఉన్నాయి. మీరు చెప్పారని మట్టి తీసి చూస్తే దుంపే లేదు. మూడు పలకల ఆకుపచ్చ కాండం ఉంది. మోసపోయామా? (రాజమహేంద్రవరం)

జవాబు: మోసం కాదు, అంటు. ఆ మూడు పలకల కాండం డ్రాగన్ ఫ్రూట్ జాతిది. దాని మీద టెరోకాక్టస్ ముక్కను కట్టారు. తొందరగా పెరుగుతుంది, తొందరగా అమ్ముడుపోతుంది. ఎర్ర బంతి, పసుపు బంతి తలలతో అమ్మే కాక్టస్‌లూ ఇలాంటి అంటులే. మీకు కాడలు చాలనుకుంటే అలాగే ఉంచండి, కాకపోతే కింది కాండానికి చలి పడదు, అదే ముందు పోతుంది. దుంప కావాలంటే ఎదిగిన కాడ ఒకటి కణుపు దగ్గర విరిచి, వారం ఆరబెట్టి ఇసుకలో గుచ్చండి. సొంత వేళ్ల మీద మెల్లగా పెరుగుతుంది.

ప్రశ్న: నా కుండీ చీటీ మీద టెరోకాక్టస్ కుంట్‌జీ అని ఉంది. స్నేహితుడి దాని మీద ట్యూబరోసస్ అని ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది సరైన పేరు? (విశాఖపట్నం)

జవాబు: రెండూ ఒకటే మొక్క. సరైనది మీ స్నేహితుడిది, పందెం కాసి ఉంటే ఇచ్చేయండి.

దీని వెనక చిన్న తమాషా ఉంది. 1897లో కార్ల్ షూమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. గింజల రెక్క చూసి టెరోకాక్టస్ అన్నాడు (గ్రీకులో ‘టెరో’ అంటే రెక్క), మొదటి జాతికి ఒట్టో కుంట్‌జె పేరు తగిలించాడు. కుంట్‌జె ఎవరంటే, ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నియమాన్ని పట్టుకుని 1891లో ఒక గ్రంథం అచ్చేసి, వేల మొక్కల పేర్లు మార్చిపారేసిన మనిషి. తోటి శాస్త్రవేత్తలు భగ్గుమన్నారు. తీరా చూస్తే ఈ మొక్కకు షూమన్ కంటే అరవై ఏళ్ల ముందే, 1837లో, ఫైఫర్ అనే ఆయన నాగజెముడు ప్రజాతిలో చేర్చి ఒపన్షియా ట్యూబరోసా అని పేరు పెట్టి ఉన్నాడు. 1919లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పాత పేరును బయటికి తీసి టెరోకాక్టస్ ట్యూబరోసస్ చేశారు. ముందు పేరే చెల్లాలన్న కుంట్‌జె నియమం కుంట్‌జె పేరునే ఊడబీకింది. నేను పాఠం చెప్పే రోజుల్లో నామకరణ సూత్రాలు మొదలుపెట్టగానే వెనక బెంచీ నిద్రకు పడేది. ఈ కథ చెబితే లేచి కూర్చునేవాళ్లు.

నర్సరీలు పాత చీటీలు మార్చవు. కొనేటప్పుడు రెండు పేర్లతోనూ రెండుసార్లు డబ్బు పెట్టకుండా చూసుకోండి.

ప్రశ్న: మా డాబా మీద వేసవిలో ఎండ మండిపోతుంది. ఎడారి మొక్కే కదా అని ఫుల్ ఎండలో పెట్టాను. ఏప్రిల్ నుంచి అసలు పెరగడం మానేసింది. (విజయవాడ)

జవాబు: దీనికి చిక్కు పగటి ఎండ కాదండీ, మీ ఊరి రాత్రి. కాక్టస్‌లు పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. దాన్ని ఆమ్లంగా మార్చి దాచి, మర్నాడు వెలుతురులో వాడుకుంటాయి. మెండోసాలో పగలు ఎంత కాలినా రాత్రి చల్లబడుతుంది. విజయవాడలో మే నెలలో రాత్రి పదింటికి కూడా డాబా గచ్చు మీద కాలు పెట్టలేం. మొక్క రంధ్రాలు తెరిస్తే నీళ్లు పోతాయి, తెరవకపోతే తిండి లేదు. అందుకే పని ఆపి కూర్చుంది.

కుండీని గచ్చు మీద నుంచి ఎత్తి ఇనుప స్టాండు మీద, తూర్పు గోడ పక్కన పెట్టండి. మధ్యాహ్నం నీడ రావాలి. పెరగడం లేదని నీళ్లు పెంచొద్దు. మే నెలంతా పదిహేను రోజులకోసారి సాయంత్రం పూట కొద్దిగా చాలు. జూన్ వానల్లో కచ్చితంగా రేకు కిందికి మార్చండి. మా మదనపల్లెలో రాత్రులు కాస్త నయం, నా మొక్కలు ఏప్రిల్లో కూడా కాడ సాగదీస్తాయి. కోస్తావాళ్లకు వీటి అసలు సీజన్ ఫిబ్రవరి, మార్చి, మళ్లీ వానలు వెనకబట్టాక అక్టోబరు.

ప్రశ్న: డెన్వర్ బొటానిక్ గార్డెన్స్‌లోని స్టెప్ గార్డెన్‌లో పటగోనియా మొక్కలు చూశాక మా పెరట్లోనూ పెట్టాలనిపించింది. ఇక్కడి మంచుకు తట్టుకుంటాయా? వచ్చే నెల ఇండియా వస్తున్నాను. గుంటూరులో అమ్మకు నాలుగు కాడలు, గింజలు సూట్‌కేసులో పట్టుకురావచ్చా? (కొలరాడో)

జవాబు: మొదటిదానికి అవును, రెండోదానికి వద్దు.

ఆ తోట 2016లో మొదలుపెట్టారు, పటగోనియాలాంటి స్టెప్ నేలలతో, అంటే పొడి గడ్డి మైదానాలతో, కొలరాడో వాతావరణం బాగా కలుస్తుందనే ఉద్దేశంతోనే. పొడి చలి ఈ మొక్కలకు అలవాటే, తడి చలే చంపుతుంది. దక్షిణం వైపు గోడ పక్కన, వాలుగా, పూర్తిగా కంకర పోసిన చోట నాటండి. మంచు కరిగిన నీళ్లు దుంప మెడ దగ్గర నిలవకూడదు. మొదలుపెట్టడానికి దక్షిణాది జాతులైన ఆస్ట్రాలిస్, హికెనీ నయం. గుంటూరుకు మాత్రం ఆ రెండూ పనికిరావు, అమ్మకు ట్యూబరోసస్ ఒక్కటే దారి.

సూట్‌కేసు మాట మర్చిపోండి. కాక్టస్‌లు దాదాపు అన్నీ సైటిస్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) ఒప్పందం కింద ఉన్నాయి, దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. గింజలైనా, ముక్కలైనా మన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు, 2003 ప్రకారం ముందే దిగుమతి అనుమతి, అక్కడి నుంచి చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఎయిర్‌పోర్టులో అమ్మ ముందు తలవంపులు ఎందుకు? ఇక్కడే పెంచినవి దొరుకుతున్నాయి, ఒకటి కొనిపెట్టండి. గింజలతో అమ్మను కష్టపెట్టకండి, ఆ గట్టి కవచం వల్ల అవి నెలల తరబడి మొలవవు, చలి తగిలితే గాని కదలవు.

ప్రశ్న: ఇంట్లో ముళ్ల మొక్క ఉంటే కలిసిరాదని మా అత్తయ్య గారు ఈ కుండీని గుమ్మం దాటనివ్వడం లేదు. మీరైనా చెప్పండి. (నెల్లూరు)

జవాబు: అత్తయ్య గారితో వాదం పెట్టుకోకమ్మా. ఈ మొక్కకు ఇంట్లో వెలుతురు ఎలాగూ చాలదు, దాని చోటు డాబా మీదే. కాబట్టి ఆవిడ మాటే నెగ్గనివ్వు. కాకపోతే కుండీ మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, అంచున ఒక పుల్ల గుచ్చు. డిసెంబరులో కాడలు రాలిపోయాక ఖాళీ కుండీ అనుకుని ఆవిడ అందులో కొత్తిమీర చల్లి రోజూ నీళ్లు పోసిందనుకో, నీకు కొత్తిమీర మిగులుతుంది, దుంప మిగలదు.